గోల్కొండ దర్వాజాలు: ఆలస్యాన్ని కట్టిన పనితనం

సభకు విచ్చేసిన పెద్దలకు, విద్యార్థులకు, చరిత్ర మీద మక్కువతో వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

గోల్కొండ గురించి మాట్లాడతానని తెలిసినప్పుడు వజ్రాల సంగతో, రామదాసు చెరసాల సంగతో వస్తుందని మీలో కొందరు ఎదురుచూసి ఉంటారు. ఆ సంగతులు చెప్పేవారికి మన దగ్గర కొదవ లేదు కాబట్టి నేను ఈ పూట కోట వాకిళ్ళ దగ్గరే ఎక్కువసేపు నిలబడదలచుకున్నాను. కోట చూడడానికి వెళ్ళినవారిలో చాలామంది టికెట్టు తీసుకుని, ద్వారం కింద చప్పట్లు కొట్టి, గబగబా మెట్లెక్కి, పైనుంచి ఊరిని ఫొటో తీసుకుని దిగి వచ్చేస్తారు. దుర్గ నిర్మాణంలోని తెలివితేటలలో సగానికి పైగా ద్వారాల దగ్గరే ఖర్చయ్యాయని, అక్కడ ఆగకుండా పైకి వెళ్తే గోల్కొండలో అసలు పనితనాన్ని చూడనట్టేనని నా అభిప్రాయం.

ఎందుకంటే గోడ కట్టడం, శ్రమతో కూడినదైనా, ఆలోచనలో తేలికైన పని. ఎంత ఎత్తుగా, ఎంత మందంగా కడితే అంత మేలు. ద్వారం అలా కాదు. అది ప్రతి ఉదయం తెరుచుకోవాలి, బియ్యం బస్తాలు, కట్టెల మోపులు, ఉప్పు, గుర్రాలు, అంబారీ ఏనుగులు అందులోంచి పోవాలి, సాయంత్రం మూసుకోవాలి, శత్రువు వచ్చిన నాడు అసలు తెరుచుకోకూడదు. సంతకు అనువైన వాకిలి సైన్యానికి కూడా అనువైనదే అవుతుంది. ఈ చిక్కుకు గోల్కొండ మేస్త్రీలు కనిపెట్టిన పరిష్కారం ఆలస్యం. వచ్చినవాడు ఎవరైనా సరే, వాడిని నేరుగా రానివ్వకుండా, తిప్పి, నిలబెట్టి, వేగం తగ్గించి, ఆలోగా లోపలివారికి వ్యవధి దొరికేలా చేయడమే అక్కడి ప్రతి దర్వాజా వెనుక ఉన్న ఆలోచన.

ముందుగా కొండను చూద్దాం. చుట్టుపక్కల నేల మట్టం నుంచి సుమారు 120 మీటర్ల ఎత్తున్న గుట్ట అది. ఎత్తులో గొప్పది కాదు. దక్కనులో ఇంతకంటే భయపెట్టే కొండలు చాలా ఉన్నాయి. ఒకే ఏకశిలగా నిలిచిన భువనగిరి దుర్గాన్ని చూసినవారికి గోల్కొండ సాధువుగానే కనిపిస్తుంది. దీని బలమంతా గుండ్లలో ఉంది. ఇంటి ప్రమాణంలో ఉన్న గ్రానైటు గుండ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, వాటి మధ్య సందులు పడి, ఆ సందులను గోడలతో పూడ్చుకుంటూ పోతే సగం కోట ప్రకృతే కట్టి ఇచ్చినట్టయింది. లోపలి ప్రాకారం వెంట నడుస్తూ జాగ్రత్తగా చూడండి. గోడ వచ్చి వచ్చి ఒక గుండుకు ఆనుకుని ఆగిపోతుంది, ఆ గుండే కొంతమేర గోడగా పనిచేస్తుంది, దాని అవతల మళ్ళీ పేర్చిన రాయి మొదలవుతుంది. కొన్ని రాళ్ళ అంచుల మీద బెత్తెడు బెత్తెడు దూరంలో వరుసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. వడ్డెర్లు ఉలితో గుంటలు తొలిచి, వాటిలో మేకులు దిగగొట్టి రాయిని చీల్చిన ఆనవాళ్ళు అవి. ఒకచోట ఆ గుంటలు వరుసగా ఉండి రాయి మాత్రం చీలకుండా ఉండిపోయింది. ఎందుకు వదిలేశారో గాని, రాయి కొట్టే పద్ధతిని పుస్తకం కంటే స్పష్టంగా అది నేర్పుతుంది.

కోట చరిత్రను ఇక్కడ అవసరమైనంత మేరకే చెబుతాను. కాకతీయుల కాలంలో ఈ గుట్ట మీద మట్టికోట ఉండేదన్నది సంప్రదాయంగా వస్తున్న మాట. 1360లలో ముసునూరి కాపయ నాయకుడి నుంచి ఇది బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా చేతికి వెళ్ళింది. ఆ తర్వాత బహమనీల తరఫున తెలంగాణను పాలించడానికి వచ్చిన సుల్తాన్ కులీ దీన్ని తన ముఖ్యస్థానం చేసుకున్నాడు. 1518లో ఆయన స్వతంత్రుడయ్యాడని మనం పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాం. అయితే బాలాహిసార్ ద్వారానికి దగ్గరలో ఆయన కట్టించిన జామీ మసీదు శాసనం అదే 1518 నాటిది, అందులో ప్రభువుగా బహమనీ సుల్తాను మహమూద్ షా పేరే ఉంది. స్వాతంత్ర్యం ఒక తేదీన గంట కొట్టినట్టు రాలేదని, మెల్లగా, మర్యాద పాటిస్తూనే వచ్చిందని ఈ శాసనం చూస్తే అర్థమవుతుంది. అదే మసీదులో 1543లో వృద్ధుడైన సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు.

ఇవాళ మనం చూసే రాతికోటలో ఎక్కువ భాగం ఆయన కుమారుడు ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలానిది. 1550 నుంచి 1580 దాకా పాలించిన ఇబ్రహీం, అంతకుముందు అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో తలదాచుకున్నవాడు, తెలుగు కవులను ఆదరించినవాడు, మన కవుల నోట మల్కిభరాముడైనవాడు. మట్టి, రాయి కలిసి ఉన్న పాత రక్షణలను రాయీ సున్నంతో తిరగగట్టించింది ఆయనే. మక్కాయి దర్వాజా దగ్గరి 1559 నాటి శాసనం ఈ పనికి సాక్ష్యంగా నిలిచింది.

కోటకు మూడు ప్రాకారాలున్నాయి. ఊరినంతటినీ చుట్టి వచ్చే బయటి గోడ ఒకటి, కొండ పాదాన్ని కాపలా కాసే రెండో వరుస మరొకటి, గుండ్ల మధ్య మెలికలు తిరుగుతూ పైకెక్కే మూడోది ఇంకొకటి. బయటి గోడ చుట్టూ అగడ్త, గోడ పొడవునా 87 బురుజులు, ఎనిమిది దర్వాజాలు. ఫతే, మోతీ, బంజారా, జమాలీ, పటాన్‌చెరు, బహమనీ, మక్కాయి, నయా ఖిల్లా అని వాటికి పేర్లు. వీటిలో కొన్ని పేర్లు కోటలోని వస్తువుల మీద కాక బయటి దారుల మీద పెట్టినవి. పటాన్‌చెరు దర్వాజా దాటితే పటాన్‌చెరు దారి, మక్కాయి దర్వాజా ముఖం పడమటికి. ఊళ్ళకు ధాన్యం మోసుకొచ్చే ఎద్దుల బిడారులవాళ్ళ పేరు బంజారా దర్వాజాకు ఉంది. ఉత్తరాన ఉన్న ఆ దర్వాజా దాటి వెళ్తే కుతుబ్ షాహీల సమాధులు వస్తాయి. ఈ పేర్ల వరుసను చదివితే గోల్కొండ ఎవరితో బేరాలాడిందో సగం తెలిసిపోతుంది.

ద్వారం ఎలా ఆలస్యం చేస్తుందో ఇప్పుడు వివరంగా చెబుతాను. తుపాకి మందు బాగా వాడుకలోకి రాకముందు, వచ్చిన తర్వాత కూడా కొంతకాలం, తలుపు పగలగొట్టడానికి వాడిన పెద్ద ఆయుధం ఏనుగు. ఏనుగుకు బలం రావాలంటే దానికి పరుగు తీసే జాగా కావాలి. అందుకని దారిని తలుపు దాకా తిన్నగా రానివ్వలేదు. బయటి కమాను దాటగానే ఎదురుగా గోడ తగులుతుంది. అక్కడ పక్కకు తిరగాలి, తిరిగిన తర్వాత ఎత్తైన గోడల మధ్య ఇరుకైన ఆవరణలో పడతాము. ఆ ఆవరణలో నిలబడిన మనిషికి మూడు వైపులా, తల మీద, కాపలావాళ్ళే. రెండో తలుపు ఇంకో పక్కన ఉంటుంది. ఈ పద్ధతి గోల్కొండవాళ్ళు కొత్తగా పుట్టించింది కాదు. వరంగల్ కోట నాలుగు దిక్కుల వాకిళ్ళ ముందు ఇలా దారిని మెలి తిప్పే ముఖమండపాల వంటి ఆవరణలున్నాయి. అదే వరంగల్ కోటలో, నడిబొడ్డున, తలుపులే లేని కాకతీయ కీర్తితోరణాలు నాలుగు నిలబడి ఉన్నాయని గుర్తుచేసుకుంటే, ఘనత చాటే వాకిలికి, కాపాడే వాకిలికి ఉన్న తేడా కళ్ళకు కడుతుంది.

ఇక తలుపు. ఫతే దర్వాజా తలుపులు అంబారీతో ఏనుగు సునాయాసంగా పోగలిగినంత ఎత్తైనవి. మందమైన దుంగల పలకలు, వాటికి ఇనుప పట్టీలు, వాటి మీద ముందుకు పొడుచుకొచ్చిన కోసు ఇనుప ములుకులు. ఏనుగు నుదురు ఆనించి తోసే ఎత్తున ఆ ములుకులు ఉండడంలోనే వాటి ఉద్దేశం ఉంది. తలుపు వెనక్కి వెళ్ళి గోడలో చూడండి. అడ్డగడియ దుంగ దూరడానికి వదిలిన లోతైన తొర్ర కనిపిస్తుంది. పగటి పూట ఆ దుంగ గోడ కడుపులోకి జరిగి ఉండేది, రాత్రి బయటికి లాగి ఎదుటి గోడ తొర్రలోకి దూర్చేవారు. తలుపు కంటే గడియకు ఎక్కువ బలం అవసరం, గడియ కంటే గోడకు ఎక్కువ బలం అవసరం, ఎందుకంటే చివరికి తోపు బలమంతా ఆ తొర్ర అంచుల మీదే పడుతుంది.

ఆలస్యం శత్రువుకు మాత్రమే ఎదురయ్యేది కాదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పరదేశి ఎవరైనా రాజధాని ద్వారం దగ్గరికి వస్తే ఉప్పు, పొగాకు తెచ్చాడేమోనని జాగ్రత్తగా సోదా చేసేవారని, ఆ రెండింటి మీదే రాజుకు పెద్ద రాబడి అని, లోపలికి వెళ్ళడానికి అనుమతి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టడమూ కద్దని రాశాడు. వజ్రాల రాజ్యపు వాకిట్లో వజ్రాల కంటే ముందు ఉప్పును వెతికారన్నమాట! పన్ను వసూలుకు, దండు కాపలాకు ఒకే కట్టడం పనికివచ్చింది. మెలి తిరిగిన ఇరుకు ఆవరణలో బండి ఎలాగూ ఆగక తప్పదు, ఆగిన బండిని సోదా చేయడం తేలిక.

ఇప్పుడు కొండ పాదాన ఉన్న బాలాహిసార్ ద్వారానికి వద్దాం. కోటలోని ద్వారాలన్నింటిలో నాకు బాగా నచ్చినది ఇదే. దీని ముందు కొంచెం దూరంలో విడిగా నిలబడిన ఎత్తైన అడ్డుగోడ ఉంది. పాత పల్లెటూరి ఇళ్ళలో వీధిలో పోయేవారికి నట్టిల్లు కనబడకుండా గుమ్మానికి ఎదురుగా కట్టే తడిక ఏ పని చేస్తుందో ఈ గోడ అదే పని చేస్తుంది, కాకపోతే ఇది చూపుతోపాటు ఏనుగునూ ఆపుతుంది. వచ్చినవాడు ఆ గోడకు కుడివైపునో ఎడమవైపునో తిరిగి లోపలికి రావాలి. తిరిగేటప్పుడు అతని పక్క, ఆ తర్వాత వీపు, పైనున్న కాపలావారికి దొరుకుతాయి. ద్వారం పైభాగాన గోడ ముందుకు పొడుచుకొచ్చి, అడుగున సందులున్న అరలు కనిపిస్తాయి. కిందికి వేడినూనె పోయడానికి అని గైడ్లు చెబుతారు. నూనెకు ఉన్న ఖరీదు తెలిసినవారికి ఆ మాట కాస్త విడ్డూరంగా తోచినా, రాళ్ళో మరుగునీళ్ళో, పైనుంచి నేరుగా కిందికి దెబ్బ తీయడమే ఆ అరల పని అన్నది నిజం.

ఇంత క్రూరమైన లెక్కతో కట్టిన ద్వారానికే కోటలోకెల్లా అందమైన అలంకారం చేశారు. మొనదేరిన కమాను అంచు వెంట తీగల వంటి పనితనం వరుసలు, కమాను భుజాల మీద సింహాన్ని పోలిన యాళి రూపాలు, గుండ్రని పతకాలు, తలుపు పైభాగాన చిన్న గూడుకు అటూ ఇటూ పురివిప్పిన తోకలతో నెమళ్ళు, వాటి కింద గ్రానైటు పైకమ్మీ మీద చక్రాకారానికి ఇరువైపులా మళ్ళీ యాళులు. కమాను రూపం పశ్చిమాసియా నుంచి వచ్చింది, యాళి మన గుడి స్తంభాల నుంచి వచ్చింది. చెక్కిన చేయి మాత్రం ఒకటే, ఇక్కడిది. సున్నపు గచ్చులో నెమలి మెడ వంపును అంత సులువుగా తిప్పిన పనివాడు అంతకుముందు గుళ్ళలో అలాంటివి ఎన్నో చేసి ఉంటాడని, దాన్ని చూసిన ఏ శిల్పి అయినా చెబుతాడు. ఈ నెమళ్ళ వైపు ఎవరూ కళ్ళెత్తి చూడకుండా చప్పట్ల కోసం తొందరపడడం నాకెప్పుడూ కష్టంగా ఉంటుంది.

చప్పట్ల సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతాను. కొన్ని పుస్తకాలలో ఇది ఫతే దర్వాజా దగ్గరి వింత అని ఉంటుంది గాని, సందర్శకులు వినేది బాలాహిసార్ ద్వారం లోపలి గుమ్మటపు మండపం కింద. అక్కడ ఒకచోట నిలబడి చప్పట్లు కొడితే కొండ కొమ్మున ఉన్న బారాదరి అనే దర్బారు మండపం దగ్గర స్పష్టంగా వినిపిస్తుంది. రెండడుగులు పక్కకు జరిగితే ఆ స్పష్టత పోతుంది. గుమ్మటపు లోతట్టు పలకలు శబ్దాన్ని చెదరనివ్వకుండా కూడగట్టి ఒక దిక్కుకు పంపడం, ఆ దిక్కున అడ్డు లేకుండా కొండ పైభాగం ఎదురుగా ఉండడం, ఈ రెండూ కలిసివచ్చినందువల్ల అది సాధ్యమైంది. గుసగుసలు కూడా వినిపించేవని, గుట్టు మాట్లాడినవారు పట్టుబడేవారని అల్లే కథలను నేను పక్కన పెడతాను. మెట్ల దారిన మనిషి పైకి చేరడానికి అరగంట పట్టే చోట శబ్దం రెండు మూడు సెకన్లలో చేరిపోతుంది, ఆ వాస్తవం చాలు. వచ్చినవాడికి ఆలస్యం, వచ్చాడన్న కబురుకు వేగం. ఈ రెండూ ఒకే ద్వారంలో కుదిరాయి.

ద్వారం దాటాక సుమారు 360 మెట్ల దారిని నేను త్వరగానే ఎక్కిస్తాను. ఆయుధాగారం, నగీనా బాగ్, అక్కన్న మాదన్నల కచేరీగా చూపించే కట్టడాలు, నీటిని రహట్లతో అంచెలంచెలుగా తొట్లలోకి తోడి మట్టిగొట్టాల ద్వారా పైకి చేర్చిన ఏర్పాటు, ఒక్కొక్కటీ ఒక్కో సాయంత్రపు ప్రసంగానికి సరిపోతుంది. అంబర్‌ఖానా అనే ధాన్యపు కొట్టు దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగాలి. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, 1642లో, దాన్ని కట్టిన సంగతి అక్కడి పారసీక శాసనం చెబుతుంది. ధాన్యాన్ని అంత ఎత్తుకు ఎందుకు మోయించారు? కింది ద్వారాలు పోయినా పైవారు తిని బతకాలి కాబట్టి. ద్వారం సంపాదించి పెట్టే వ్యవధి ఎంతన్నది చివరికి ధాన్యపు కొట్టు పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది.

తర్వాతి కాలంలో ఏనుగు పోయి ఫిరంగి వచ్చింది. ఫిరంగికి పరుగు తీసే జాగాతో పని లేదు, దూరం నుంచే పని కానిస్తుంది. 1656లో దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండను ముట్టడించి, షాజహాను ఆజ్ఞ వల్ల వెనక్కి తగ్గినప్పుడు కోటవారికి ఈ మార్పు బాగా తెలిసివచ్చింది. ఈశాన్యాన గోడకు దగ్గరలో ఉన్న మిట్ట మీద ఫిరంగి పెడితే లోపలికి గుండ్లు పడతాయని గ్రహించి, ఆ మిట్టనే కోటలో కలుపుకుంటూ కొత్త గోడ కట్టారు. అదే నయా ఖిల్లా. దక్షిణాన 1666లో మూసా ఖాను పర్యవేక్షణలో ధర్మాచారి అనే స్థపతి కట్టిన మూసా బురుజు కూడా ఈ పాఠం నుంచి పుట్టినదే, దాని పారసీక శాసనంలో పాత ముట్టడి ప్రసక్తి ఉంది. సుల్తాను పేరు, అధికారి పేరు ఉండడం శాసనాలలో మామూలే. కట్టినవాడి పేరు కూడా మనదాకా రావడం అరుదు.

చివరి పరీక్ష 1687లో వచ్చింది. ఈసారి పాదుషాగా స్వయంగా వచ్చిన ఔరంగజేబు సుమారు ఎనిమిది నెలలు కోట ముందు కూర్చున్నాడు. అగడ్త పూడ్చడానికి మట్టి నింపే సంచులలో మొదటిదాన్ని ఆయనే వజూ చేసి, అంటే నమాజుకు ముందులా శుద్ధి చేసుకుని, తన చేతులతో కుట్టాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాను రాశాడు. ఒక రాత్రి మొగలులు నిచ్చెనలతో గోడ ఎక్కబోతే ఒక వీధికుక్క మొరిగి కాపలావారిని లేపిందని, అప్పటి గోల్కొండ సుల్తాను తానాషా దానికి బంగారు గొలుసు వేయించాడని కూడా రాశాడు. గోడ కిందికి తవ్విన సొరంగాలలో మందు పేల్చితే ఆ పేలుడు మొగలుల మీదికే ఎదురుతిరిగింది. వానలు ముంచెత్తాయి, శిబిరంలో తిండి కరువైంది. కోట ఫిరంగి గుండు తగిలి కులీచ్ ఖాను మరణించాడు. తర్వాత హైదరాబాదును ఏలిన ఆసఫ్‌జాహీ వంశానికి మూలపురుషుడైన నిజాముల్ ముల్క్‌కు ఆయన తాత.

ఇంత జరిగినా ఏ పెద్ద దర్వాజా బద్దలు కాలేదు. సెప్టెంబరులో ఒక రాత్రి, కోటలోని సర్దారులలో ఒకడైన అబ్దుల్లా ఖాన్ పణీ లంచం పుచ్చుకుని తన కాపలాలో ఉన్న దిడ్డి వాకిలి తెరిచిపెట్టాడు. దిడ్డి అంటే పెద్ద తలుపులు తీయకుండా ఒక్కొక్క మనిషి వంగి వెళ్ళే చిన్న వాకిలి. దాని పని కూడా ఆలస్యం చేయడమే, ఒకేసారి ఒక్కడినే రానివ్వడమే. తీసిపెట్టి కాపలా తొలగిస్తే ఒక్కొక్కడుగా ఎందరైనా వస్తారు. తానాషా సర్దారు అబ్దుర్ రజాక్ లారీ కొద్దిమంది అనుచరులతో గుర్రమెక్కి ఎదురు నిలిచి డెబ్బైకి పైగా గాయాలతో పడిపోయాడు. తానాషాను దౌలతాబాదుకు తీసుకుపోయారు. మొగలు సైన్యం విజయంతో ప్రవేశించిన వాకిలిగా ఫతే దర్వాజాకు ఆ పేరు స్థిరపడిందని చెబుతారు.

ఇప్పటి సంగతి రెండు ముక్కలలో చెప్పి ముగిస్తాను. ఫతే, మక్కాయి, బంజారా దర్వాజాలలోంచి నేటికీ జనం రాకపోకలు సాగిస్తున్నారు. ఆషాఢంలో లంగర్‌హౌస్ నుంచి బయలుదేరే బోనాల ఊరేగింపు కోటకు చేరి, జగదాంబ అమ్మవారి గుడికి మెట్ల మీదుగా ఎక్కుతుంది. మెలి తిరిగిన ఆవరణలలో ఆటోలు, బైకులు ఎదురెదురుగా వచ్చి ఇరుక్కుపోతుంటాయి, పెద్ద బండ్లు మూలరాళ్ళను గీరుకుంటూ పోతాయి. దారి వెడల్పు చేయాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. ఆ మలుపును తీసేస్తే మిగిలేది పాత రాళ్ళ కమాను మాత్రమేనని, పెద్ద బండ్లకు వేరే దారి చూపడం అంత కష్టం కాదని నేను అంటాను.

చూడదలచినవారు ఈసారి బాలాహిసార్‌తో మొదలుపెట్టకండి. ఉదయం పూట మక్కాయి దర్వాజాకు వెళ్ళి శాసనం చూసి, అక్కడినుంచి ఫతే దర్వాజాకు వచ్చి ములుకులనూ గడియ తొర్రనూ చూసి, ఆ తర్వాత బాలాహిసార్ ముందు అడ్డుగోడ దగ్గర నిలబడండి. నెమళ్ళను చూడడానికి బైనాక్యులర్ ఉంటే వెంట తీసుకెళ్ళండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.